అందరూ ఒప్పుకోవాల్సిన ఆకలి

“ఆ పంకా చూడండర్రా, ఎట్లా ఊగుతోందో. ఎవరి నెత్తిన పడుతుందో ఏమో. ముందు దాన్ని ఆపండి,” అంది తల్లి, ఇంకా లోపలికి అడుగైనా పెట్టకుండానే.

ఆ పంకా లాండ్రీ తెరిచిన నాటినుంచీ ఊగుతూనే ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ ఇవాళ సరిగ్గా దాని కిందే కూతురు కూర్చుంది, ఉతకాల్సిన దుప్పట్ల మూటకు వీపు ఆనించి, మోకాళ్ళు రెండు చేతులతో చుట్టుకుని. “పిన్నీ, మొన్న బాయిలర్ పేలుతుందన్నావు. అంతకుముందు మెట్లు కూలతాయన్నావు. పాపం దాన్నైనా వదిలెయ్,” అన్నాడు వ్యాన్ డ్రైవర్. అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వబోయి, నవ్వితే తన మాట పలచనైపోతుందేమోనన్నట్టు పెదవులు బిగించింది. ఇస్త్రీ అన్న మాత్రం నవ్వకుండా లేచి వెళ్ళి స్విచ్ ఆపాడు. దాంతో మధ్యాహ్నపు రేకుల వేడి, సబ్బు వాసన, తడి ఆవిరి అన్నీ కలిసి ఒక్కసారిగా మనుషుల మీదికి దిగాయి.

తల్లి తన మూల స్టూలు మీద కూర్చుని గుండీ ఊడిన చొక్కా ఒకటి ఒళ్ళో వేసుకుంది. ఆమె భయాలకు ఒక పద్ధతి ఉంది, ఎవరికీ చెప్పని పద్ధతి. పైకి అన్న కీడు జరగదు. లైన్‌మన్ భార్యగా బతికినన్నాళ్ళూ, పొద్దున్నే ఆయన నిచ్చెన భుజాన వేసుకుంటుంటే, తీగ తెగుతుంది, స్తంభం విరుగుతుంది, ఎవడో చూసుకోకుండా కరెంటు వదులుతాడు అని వరసగా అనేసేది. “ఇంకేమైనా మర్చిపోయావేమో చూసుకో,” అనేవాడాయన. సాయంత్రానికి వేలికి గీతైనా పడకుండా ఇల్లు చేరేవాడు. చివరికి ఆయన పోయింది స్తంభం మీద కాదు. మంచం మీద, మామూలు జ్వరంతో, తగ్గిపోతుందిలే అని ఆమె మనసారా నమ్మి కంటినిండా నిద్రపోయిన ఒకే ఒక్క రాత్రి. అప్పటినుంచి ఆమె నోటికి విశ్రాంతి లేదు. కూతురు గొడుగు మర్చిపోతే జ్వరమంది, కుర్చీ ఎక్కితే నడుమంది, రోడ్డు దాటితే లారీ అంది, అన్నవన్నీ నోటితోనే పోయాయి. నలుగురూ నవ్వితే నవ్వనీ అనుకుంది, నవ్వులపాలైనా పిల్ల ఇంటికొస్తోంది కదా. కానీ ఈ వారమంతా ఒక్క మాట మాత్రం నోటికి రావడం లేదు. అనబోతే నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. అనకపోతే జరుగుతుందేమో, అంటే అప్పుడే జరిగిపోయినట్టుంటుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అంటారనుకుంది ఇన్నాళ్ళూ, ఆ రెంటి మధ్యా నిలబడడానికి చోటు ఇంత ఇరుకని ఎవరూ చెప్పలేదు.

“మన వెల్డర్ జైల్లో తిండి మానేశాడు. మీ అందరికీ తెలిసిందే,” అని మొదలుపెట్టింది కూతురు, నేల చూస్తూ. “గోడౌన్ గేటు ముందు ధర్నాలో కూలీలతో పాటు పట్టుకున్నారు. వాణ్ణొక్కణ్ణీ వదిలేస్తామంటే, నాతో వచ్చినవాళ్ళని కూడా వదలండి అన్నాడు, అక్కడే కూర్చున్నాడు. వాడక్కడ నీళ్ళ మీద ఉంటే మనమిక్కడ టీలు తాగుతూ మాట్లాడుకుంటున్నాం. రేపటినుంచి నేను జైలు గేటు ముందు కూర్చుంటాను. వాళ్ళని వదిలేదాకా తినను. ప్రాణం మీదికొచ్చినా లేవను. నేను తెలివి తప్పినా నన్నెవరూ లేపకూడదు, డాక్టర్ని పిలవకూడదు. దీనికి మీరందరూ ఒప్పుకోవాలి.”

ఒప్పుకోవాలి. ఆ లాండ్రీలో యజమాని లేడు. ఉతకడం, ఆరేయడం, ఇస్త్రీ, వ్యాన్‌లో ఇంటింటికీ చేర్చడం, పాయిఖానా కడగడం, అన్నీ వంతులవారీ. పిలుపులు మాత్రం ఎవరికి బాగా చేతనైన పనిని బట్టి వాళ్ళకు పడిపోయాయి. ఎవరూ ఎవరికీ పని చెప్పరు, ఎవరూ ఎవరి చేతా చెప్పించుకోరు. మొదట్లో తల్లికి ఇదంతా పిల్లల ఆటలా ఉండేది. పెద్ద అనేవాడు లేకపోతే కొంప ఎట్లా నడుస్తుందర్రా అనేది. నడిచింది. ఏ పని తలపెట్టినా అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు, చేతులెత్తి లెక్కపెట్టరు, ఎక్కువమంది గెలవడం తక్కువమంది ఓడిపోవడం అనేది వాళ్ళకు గిట్టదు. ఒక్కరు ‘నేను ఒప్పుకోను’ అన్నా ఆ పని ఆగిపోవాల్సిందే. ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు. అక్కడ పని చేసే ప్రతివారికీ ఆ హక్కుంది. గుండీలు కుట్టే తల్లికి కూడా. కూతుర్ని కనిపెట్టుకుని ఉండడానికి గుండీల వంకతో వచ్చి చేరిన మనిషని అందరికీ తెలిసినా ఆమె మాటకు అందరి మాటతో సమానంగా చోటిచ్చారు. ఆ హక్కును ఆమె బాయిలర్ మీద ఒకసారి వాడింది, మెట్ల మీద ఒకసారి, వ్యాన్ కొత్త టైర్ల మీద ఒకసారి. పాపం వాళ్ళు మూడుసార్లూ పని ఆపి, మెకానిక్‌ని పిలిచి, ఆమెకు నచ్చజెప్పి, మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడామె నోరు తెరిస్తే చాలు, ముఖాల మీదికి ఆ ఓపిక వచ్చేస్తుంది. అసలైన దానికి దాచుకోవాల్సిన మాటను మెట్లకీ టైర్లకీ ఖర్చు పెట్టేశానే అనుకుంది, సూది గుండీ కన్నంలోకి పోక వేలిలోకి దిగింది.

పైగా మాటిచ్చింది. పొద్దున ఇంట్లో కూతురు జడ వేసుకుంటూ, అద్దంలోంచే చూస్తూ, “అమ్మా, నువ్వు అడ్డు చెబితే ఆగిపోతుంది, నాకు తెలుసు. కానీ నా తల్లివి కాబట్టి చెప్పావనే అందరూ అనుకుంటారు. ఇక జన్మంతా అక్కడ నేను నీ కూతుర్నే, మనిషిని కాను. ఆ ఒక్కటీ చెయ్యకు,” అంది. సరేనంది తల్లి. ఎందుకు అన్నదో. జడ చివర రబ్బరుబ్యాండు తెగిపోతే ఇంకొకటి వెతికిచ్చింది కూడా. చావుకు పోతానన్న పిల్లకు రబ్బరుబ్యాండు వెతికిచ్చే తల్లి ఎక్కడైనా ఉంటుందా. చిన్నప్పుడు దీనికి తిండి తినిపించడమంటే ఒక పూట పని. గిన్నె పట్టుకుని గది గదికీ తిరగాలి, మంచం కింద దూరితే తనూ దూరాలి, ఇది నాన్నది, ఇది నాది, ఇది మెట్ల కింది పిల్లిది అని ఊళ్ళో వాళ్ళందరి పేరునా ఒక్కో ముద్ద పెట్టాలి. ఆఖరుకు తన పేరున పెట్టబోతే నోరు మూసేసేది. ఎదుటివాళ్ళ పేరు చెబితేనే తినేది. ఇప్పుడు ఎదుటివాళ్ళ పేరు చెప్పి మానేస్తానంటోంది. బుగ్గ మీద మెతుకు తుడిచిన వేలు ఇంకా ఈ చేతికే ఉంది, ఇదే వేలు, ఇందాక సూది దిగింది.

“వాడు మనల్ని చావమన్నాడా?” ఇస్త్రీ అన్న అడుగుతున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ కిందే ఉంటుంది, బట్ట కాలకుండా పెట్టె నడిపినట్టు మాట నడుపుతాడు.

“అనలేదు. అనేవాడైతే వాడి కోసం ఎందుకు కూర్చుంటాను?”

“రేపు వాడు బయటికొస్తాడు. నీ కోసం ఒక పిల్ల పోయింది, ఆ బరువు మోసుకుంటూ తిరుగు అని వాడికి చెప్పాలి. ఎవరు చెబుతారు? నేనైతే చెప్పలేను. నువ్వు చెబుతావా?” అని డ్రైవర్ వైపు తిరిగాడు.

“నన్నెందుకు మధ్యలోకి లాగుతావు?” అన్నాడు డ్రైవర్. “ఆమె ఒళ్ళు ఆమెది. వద్దనడానికి మనమెవరం? ఎవరి మీదా ఎవరి పెత్తనమూ ఉండకూడదని కదా ఈ కొంప పెట్టుకుంది. ఇవాళ కూర్చోవద్దంటే రేపు పెళ్ళి చేసుకోవద్దంటావు, ఎల్లుండి జుట్టు కత్తిరించుకోవద్దంటావు.”

అదీ వీళ్ళ చిక్కు అనుకుంది తల్లి. ఒకరికొకరు పని చెప్పుకోకూడదనే పట్టుదలలో, చచ్చిపోవద్దు అని చెప్పడం కూడా పెత్తనమై కూర్చుంది. అందరి మొహాలూ చూసింది. ఉతికే మామయ్య మీసం కొరుక్కుంటున్నాడు. ఆరేసే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. వీళ్ళలో ఒక్కరికీ ఇది ఇష్టం లేదు. ఆ మాటకొస్తే డ్రైవర్‌కు కూడా లేదు, అందుకే అంత గట్టిగా మాట్లాడుతున్నాడు. కానీ పక్కవాళ్ళకు ఇష్టమేమోనని ప్రతివారూ అనుకుంటున్నారు, తామొక్కరే పిరికివాళ్ళుగా కనబడతామేమోనని, ఎవరో ఒకరు అంటారులే అని. పెళ్ళివాళ్ళ ఇంట్లో ఆఖరు మిఠాయి ముక్క పళ్ళెంలో మిగిలిపోయినట్టు ఆ మాట మధ్యలో ఉండిపోయింది, ఎవరూ చెయ్యి చాపరు. ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు. ఎంత మంచివాళ్ళు పెట్టుకున్న నియమమో, ఎంత మంచివాళ్ళను పట్టుకుని ముంచుతోందో.

“పొడుగోడు ఉంటే ఏమనేవాడు?” అంది కూతురు. ఆ మాట అనగానే గది సద్దుకుని కూర్చుంది.

పొడుగోడు బాయిలర్ పైన గోడ మీద ఉన్నాడు, చెక్క చట్రంలో. నిరుడు గోడౌన్ గేటు దగ్గర లారీకి ఎదురు నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫోటో కోసం వెతికితే అన్నిట్లోనూ పళ్ళికిలించే ఉన్నాడు, అందుకని గుర్తింపు కార్డులోని బిగుసుకుపోయిన మొహాన్ని పెద్దది చేయించారు. తల్లికి ఆ మొహం ఎవరిదో ఇప్పటికీ పోల్చుకోవడం కష్టం. ఆమె ఎరిగిన పొడుగోడు మాత్ర మింగలేక దాన్ని చెంచాతో నలిపించుకునేవాడు. చేతులు మరీ పొడుగై ఏ చొక్కా చాలక, “పిన్నీ, నీ దగ్గర మిగిలిన గుడ్డముక్కలేమైనా ఉంటే అతికి ఈ చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కురా,” అని ప్రతి నెలా వచ్చేవాడు. రంగు కలవకపోయినా తొడుక్కునేవాడు. దుప్పటి మడత పెట్టడమంటే వాడికి ప్రాణం, అటు చివర ఎవరైనా పట్టుకుంటే వాడిటు చివర పట్టుకుని మడతకోసం దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక జోకు వేసేవాడు, ఒక దుప్పటికి నాలుగు జోకులు. అంత వాగుడుకాయ పోయాక ఏదీ మాట్లాడకుండానే అందరి నోళ్ళూ మూయిస్తున్నాడు. ఏ వాదన వచ్చినా పొడుగోడైతే ఏమనేవాడని ఒకరంటారు, వాదన అక్కడితో సరి.

“ఇదీ నేను చెప్పేది,” అన్నాడు ఇస్త్రీ అన్న. “దొర లేకుండా బతుకుదామనుకున్నాం. దొర వచ్చి గోడెక్కి కూర్చున్నాడు. బతికున్న దొరతో పోట్లాడొచ్చు, చచ్చినవాడితో ఏం పోట్లాడతాం? నేను ఆ రోజు వాడి పక్కనే ఉన్నాను. ఎన్నిసార్లు చెప్పినా మీ చెవులకెక్కదు. లారీ ఆగుతుందనే వాడు నిలబడ్డాడు. ఆగదని తెలిశాక పక్కకి దూకబోయాడు. కంకరలో కాలు జారింది. వాడు చావడానికి వెళ్ళలేదమ్మాయ్. సాయంత్రం వ్యాన్ కడిగే వంతు వాడిదే.”

“అయితే ఏమిటి, దూకబోయాడని వాణ్ణి చిన్నవాణ్ణి చేస్తావా?” అన్నాడు డ్రైవర్.

“పోస్టర్లో మీరు పెద్ద చేశారు. నాకు మామూలుగా ఉన్నవాడే కావాలి.”

“వాడు పోబట్టే కూలీలకు గేటు తెరిచారు,” అంది కూతురు. “ఆ రోజు వరకూ మన మాట ఎవరు విన్నారు? కాగితాలు పంచాం, కాళ్ళరిగేలా తిరిగాం. ఒక మనిషి పడ్డాక విన్నారు.”

“తెరిచారు. పండగైపోయినట్టు మళ్ళీ మూశారు. అందుకే కదా వెల్డర్ ఇప్పుడు లోపలున్నాడు. మళ్ళీ తెరవాలంటే ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు. ఒకసారి ఆ ధర చెల్లించామంటే ఇక అంతకు తక్కువకి మన మాట ఎవడూ వినడు.”

కూతురు మెడ వంచి కాలి బొటనవేలితో నేల మీది సబ్బు చారను చెరుపుతోంది. ఆ మెడ. వెనకనుంచి చూస్తే అచ్చం వాళ్ళ నాన్నదే, ఎండకు అదే చోట నల్లబడింది. ఒకసారి కోపమొచ్చి ఆయన్ని అడిగింది, అంత ఎత్తున నీకు భయమెయ్యదా అని. పైన ఉన్నవాడికి పనుంటుందే, భయపడే తీరిక ఎక్కడిది, భయమంతా కింద నిచ్చెన పట్టుకున్నవాడిది అన్నాడు. ఆ నిచ్చెన పట్టుకునే మనిషే తను, పెళ్ళైన నాటినుంచీ. ఆయనకు పట్టుకుంది, దీనికి పట్టుకుంది. రేపటినుంచి జైలు గేటు ఎదుట ఏ గోడ పక్కనో నిలబడి పట్టుకోవాలి, ఈ మెడ రోజురోజుకీ సన్నబడుతుంటే, కళ్ళు లోపలికి పోతుంటే, పెదవులు పగులుతుంటే, జనం వచ్చి దండం పెట్టి పోతుంటే. పువ్వులు తెస్తారు. పాటలు పాడతారు. ఫోటో తీస్తారు, పనికొస్తుందని. పిల్ల నవ్వకూడదు, నవ్వితే పనికిరాదు. అక్కడ తను మాత్రం ఏం చెయ్యాలి, తడిగుడ్డతో పెదవులు తుడవాలా, అదైనా చెయ్యనిస్తారా, లేక అది కూడా అందరూ కూర్చుని ఒప్పుకోవాలా.

“ఇక అడుగుతున్నాను,” అన్నాడు ఉతికే మామయ్య. ఇవాళ అడిగే వంతు ఆయనది. గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు. “ఒప్పుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.”

ఎవరూ కదల్లేదు. ఇస్త్రీ అన్న కళ్ళు మూసుకున్నాడు. చెప్పవయ్యా, ఇందాకటినుంచి చెబుతూనే ఉన్నావుగా, ఆ ఒక్క మాటా అనవేం. అనడు. వాదించడం వేరు, ఆపడం వేరు. ఆపితే రేపు జైల్లో వెల్డర్ పోతే అది తన మెడకు చుట్టుకుంటుంది, అందుకని వాదించి చేతులు దులుపుకున్నాడు. తప్పు పట్టలేం. తీగల మీదినుంచి తడి దుప్పట్లు టపటప కారుతున్నాయి. తల్లి నోట్లో ఆ మాట తయారుగా ఉంది. కానీ పొద్దున అద్దంలోని కళ్ళు కూడా ఉన్నాయి. ఈ కొంపలో అది మనిషిగా నిలబడడానికి ఎంత కష్టపడిందో తనకు తెలుసు, బాయిలర్ వేడికి చేతులు పొక్కులెక్కినా నాకు మగవాళ్ళ వంతే ఇవ్వండి అని పోట్లాడింది. ఇప్పుడు తల్లి కొంగు చాటునుంచి ఒక మాట వచ్చి దాన్ని వెనక్కి లాగితే ప్రాణం దక్కుతుంది. పిల్ల దక్కుతుందా. దక్కకపోయినా సరే ప్రాణం చాలు అనుకుంది. కాదు అనుకుంది. మళ్ళీ చాలు అనుకుంది. ఉతికే మామయ్య నోరు తెరవబోతున్నాడు.

“నా మాట ఒకటుంది,” అంది తల్లి. ఓపిక అందరి మొహాల మీదికీ వచ్చేసింది. కూతురు చివ్వున తలెత్తింది. “అడ్డు చెప్పడం లేదు. ఊడ్చేదీ ఉతికేదీ ఇక్కడ వంతులవారీ కదా. ఇదీ పనే అయితే దీనికీ వంతు ఉండాలి. పెద్దదాన్ని, ముందు నా వంతు. రేపు గేటు దగ్గర నేను కూర్చుంటాను. నేనయ్యాక మిగతావాళ్ళ సంగతి చూసుకోండి.”

“నీకెందుకు పిన్నీ ఇవన్నీ,” అన్నాడు డ్రైవర్.

“ఎందుకేమిట్రా. ఆమె ఒళ్ళు ఆమెదన్నావు. నా ఒళ్ళు నాది కాదా, అద్దెకు తెచ్చుకున్నానా?”

ఎత్తుకు పైఎత్తుగా అన్న మాట కాదది. అంటూ ఉండగానే అది నిజమైంది, నిజమవుతూ ఉండగానే ఒక విచిత్రం జరిగింది. భయం పోయింది. పెళ్ళైన మర్నాటినుంచి రొమ్ముల మధ్య రాయిలా కూర్చున్నది లేచి వెళ్ళిపోయింది. ఒళ్ళంతా ఇస్త్రీ చేసిన బట్టలా తేలికైంది. ఇక నిచ్చెన పట్టుకోనక్కర్లేదు, ఎవరి రాక కోసమూ కిటికీలో నిలబడనక్కర్లేదు, పట్టుకునేవాళ్ళు వేరే ఉంటారు. ఓహో, ఇదా దీని రుచి అనుకుంది. ఇంత తియ్యగా ఉంటుందా. ఈ పిల్ల వారం రోజులుగా ఇంత నెమ్మదిగా, అందరికన్నా పెద్దదైపోయినట్టు ఎందుకు తిరుగుతోందో ఇప్పుడు తెలిసింది. ఈ తియ్యదనంలో వెల్డర్ ఎక్కడున్నాడని వెతికింది. లేడు. ఇందాకటిదాకా ఉన్నాడు, ఎండిపోయిన నోటితో, గోడకు ఆనుకుని. నేను కూర్చుంటానన్న క్షణంనుంచి లేడు, తనొక్కతే ఉంది. ఆ సంగతి ఆమెను పంకా కన్నా, బాయిలర్ కన్నా, ఈ వారమంతా నోటికి రాని ఆ మాట కన్నా ఎక్కువ భయపెట్టింది. భయం తిరిగి రాగానే చేతులతో తడుముకుని దాన్ని మళ్ళీ రొమ్ములో పెట్టుకుంది, తిరిగొచ్చిన ఇంటిమనిషిని లోపలికి పిలుచుకున్నట్టు.

ఉతికే మామయ్య ఏం చెయ్యాలో తోచక ఇస్త్రీ అన్న వైపు చూశాడు. ఇస్త్రీ అన్న ఎవరి వైపూ చూడలేదు. “నియమం నియమమే. అడుగు,” అన్నాడు.

“పిన్నిగారు కూర్చోవడానికి ఒప్పుకోనివాళ్ళు ఎవరైనా...”

“అమ్మా, నీకు షుగరు,” అంది కూతురు. మామయ్య మాట పూర్తికాలేదు. “ఒక్క పూట తప్పితే చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి. నువ్వు రెండు రోజులు కూడా ఉండలేవు.”

“ఉండలేకపోవడమే కదే అక్కడ పని.”

“వేళాకోళం కాదు.”

“నేనూ వేళాకోళానికి అనలేదమ్మడూ.”

కూతురు ఆమె మొహంలోకి చూసింది. ఈ వారంలో అట్లా చూడలేదు. అద్దంలోంచి చూసింది, భుజం మీదనుంచి చూసింది, సూటిగా చూడలేదు. తల్లి అబద్ధమాడుతోందా అని వెతికింది ఆ కళ్ళతో, కనబడలేదు కాబోలు, మూట మీదనుంచి లేచి నిలబడింది. “నేను ఒప్పుకోను,” అంది. అన్నాక చేత్తో నోరు మూసుకుంది, వేడి పెట్టె ముట్టుకున్నట్టు.

“సరే,” అంది తల్లి. “ఆగిపోయాను. నా కూతురివి కాబట్టి అన్నావని నేననుకోను. మనిషివి, అన్నావు, ఆగాను. ఇప్పుడు నువ్వే ఒక సంగతి చెప్పు. పొద్దున నీకు మాటిచ్చాను, తప్పను. నోరెత్తకుండా కూర్చోమంటే కూర్చుంటాను, ఒప్పుకోమంటే ఒప్పుకుంటాను. కానీ ఎట్లా ఒప్పుకోవాలో నాకు తెలియడం లేదు. నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెబితే చేస్తాను. నేనెట్లా ఒప్పుకోవాలి?”

బయట వీధిలో ఎవరో సైకిల్ గొలుసు ఎక్కించుకుంటున్నారు, గొలుసు పళ్ళ మీద కూర్చోక జారుతోంది. బాయిలర్ చల్లబడుతూ లోపల ఎక్కడో టిక్కుమంది. తల్లికి మాటల మధ్య ఇట్లాంటి ఖాళీలు పడవు, ఏదో ఒక కీడు తెచ్చి నింపేస్తుంది ఎప్పుడూ. ఇప్పుడు నింపలేదు. మామయ్యకు అడగడానికేమీ లేదు. డ్రైవర్ టోపీ తీసి అంచు చుట్టూ తిప్పుతున్నాడు. ఆరేసే అక్కచెల్లెళ్ళలో చిన్నది ఏడుస్తోంది, పెద్దది ఏడవనిస్తోంది. జైలు గదిలో వెల్డర్ ఈ వేళకు పడుకునే ఉంటాడు, గోడ వైపు తిరిగి, నీళ్ళ గ్లాసు చేతికందేంత దూరంలో పెట్టుకుని. వాడి కోసం రేపేం చెయ్యాలో ఇంకా ఎవరూ అనుకోలేదు, అనుకోవాలి, పొద్దుపోయేదాకా కూర్చుని అనుకోవాలి, పోట్లాడుకోవాలి. కూతురు నిలబడే ఉంది. నోటి మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఏదో పెద్ద మాట అనబోతోందని అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె వాళ్ళెవరినీ చూడలేదు, అరిగిపోయిన గొంతుతో, జ్వరమొచ్చిన పిల్ల నీళ్ళడిగినట్టు,

“అయితే ఒప్పుకోకమ్మా,” అంది.